పీరు దింపాక ఏం మిగులుతుంది?

మా నానీ వాళ్ల ఊళ్లో ఆషుర్‌ఖానాలో ఒక చెక్కపెట్టె ఉండేది. ఏడాదంతా దాన్నెవరూ ముట్టుకునేవాళ్లు కాదు. మొహర్రం చాంద్ కనపడగానే పెట్టె తెరిచేవాళ్లు. ఇత్తడి పంజాలు చింతపండుతో తోమి, దట్టీలు కట్టి, పూలు చుట్టి నిలబెట్టేవాళ్లు. ముందర గుండం తవ్వేవాళ్లు. పీరును ఎత్తేవాడు గౌండ్ల ఇంటివాడు, డప్పు కొట్టేది మాదిగలు, ఫాతెహా ఇచ్చేది మా నానా. పదోరోజు ఏట్లో చల్లబరిచి, మళ్లీ పెట్టెలో పెట్టేవాళ్లు. పూడ్చిన గుంట తప్ప తెల్లారి ఊళ్లో ఏ గుర్తూ ఉండేది కాదు.

గుర్తు మిగలనిదానికి చరిత్ర లేదా?

చరిత్ర పుస్తకాల్లో మేం రాళ్లుగా కనపడతాం. గోల్కొండ, చార్మినార్, సమాధులు. లేదంటే కత్తి పట్టిన రాజులుగా. కట్టి విప్పేసిన చేతులుగా మాత్రం ఎక్కడా కనపడం.

హైదరాబాదునే చూద్దాం. 1591లో ఊరు కట్టిన మహమ్మద్ కులీ కుతుబ్ షా, కొద్ది ఏళ్లకే బాద్‌షాహీ ఆషుర్‌ఖానా కట్టించాడు. గోడలమీది రంగు పలకల పని 1611 నాటిది. యాత్రికులు ఆ పలకలు చూసి పోతారు. కానీ ఆ భవనం కూడా మా నానీ ఊరి పెట్టెలాంటిదే. అసలు కళ దానిలో పదిరోజులు నిలబెట్టే అలంలది. అబ్దుల్లా కుతుబ్ షా కాలంలో అక్కడ వరుసలు వరుసలుగా దీపాలు వెలిగేవి. రాజు నల్లబట్టలు కట్టేవాడు. నౌబత్ ఆగిపోయేది. క్రీ.శ. 680లో కర్బలాలో చంపబడ్డ హుసేన్ కోసం మూసీ ఒడ్డున ఒక ఊరు ఊరంతా దుఃఖాన్ని అలంకరించుకునేది.

1687లో గోల్కొండను గెలిచింది ఔరంగజేబు. ఆ తర్వాత బాద్‌షాహీ ఆషుర్‌ఖానా వెలుగు ఆరింది. బండ్ల కొట్టంగా వాడారని చెబుతారు. ముస్లింలంతా ఒకే ముద్ద అనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. మళ్లీ దాన్ని నిలబెట్టింది రెండో నిజాం, నిజాం అలీఖాన్. 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగి కింది పలకల్ని ఊడ్చుకుపోయింది. ఆ జాగాలో గచ్చు మీద రంగులేశారు. రాయి, పలక కూడా శాశ్వతం కాదన్నమాట. ఏటా విప్పి కట్టిన అలం మాత్రం ఆగలేదు. దబీర్‌పురా నుంచి బీబీ కా అలం ఏనుగుమీద బయల్దేరి, చార్మినార్ మీదుగా చాదర్‌ఘాట్‌కు పోవడం ఆ ఊరికి ఇప్పటికీ పదో మొహర్రమే.

ఈ పండుగను వివరంగా రాసిపెట్టినవాడు మనవాడే. ఏలూరుకు చెందిన జాఫర్ షరీఫ్. ఆయన ‘ఖానూనె ఇస్లాం’ను హెర్‌క్లాట్స్ అనే డాక్టరు ఇంగ్లీషులోకి తెచ్చి 1832లో లండన్‌లో అచ్చేయించాడు. మొహర్రం ఫకీర్ల వేషాలు ఎన్నెన్నో అందులో ఉన్నాయి. తెలుగు సాహిత్య చరిత్రల్లో ఆయన పేరు ఎంతమందికి తెలుసు?

ఇవ్వాళ మాకు రెండు వైపుల నుంచీ మాట పడుతోంది. మావాళ్లలోనే కొందరు ‘ఇది దీన్ కాదు, బిద్అత్’ అంటారు. బయట మరికొందరు ‘పీర్లపండుగ అసలు మీది కాదు, హిందువులు చేసేదే’ అంటారు. సెక్యులర్ మిత్రులేమో ‘మత సామరస్యం’ అని చప్పట్లు కొట్టి, ఆ పదిరోజులయ్యాక మా గల్లీకి రారు. అద్దెకు ఇల్లడిగితే పేరు విని తలుపేస్తారు.

నేను మతాచారాన్ని వెనకేసుకు రావడం లేదు. నమ్మడం, నమ్మకపోవడం ఎవరిష్టం వాళ్లది. కానీ ఆ పంజాలు పోతపోసిన చేతులు, దట్టీ కట్టిన చేతులు, గుండం తవ్విన చేతులు మావీ, మాతోపాటు ఈ మట్టిలో చెమటోడ్చిన కులాలవీ. రాజులు కట్టినవాటికి బోర్డులున్నాయి. వీటికి లేవు. మేమెవరమని అడిగినవాళ్లకు చార్మినార్ చూపించడం మానేద్దాం. అది రాజుది. మాది ఆ చెక్కపెట్టె.

నానీ పోయి చాలా ఏళ్లయింది. పెట్టె ఇంకా అక్కడే ఉంది. దాన్ని తెరవాలో వద్దో తేల్చాల్సింది మేమే. కానీ ముందు అందులో ఏముందో రాసుకోవాలి.