'రోమన్ హాలిడే' – పేరు లేని రచయిత

హాలీవుడ్ ప్రేమకథా చిత్రం అనగానే మనలో చాలామందికి ఒక స్థిరాభిప్రాయం ఉంది. అది కలల కర్మాగారంలో తయారైన సరుకనీ, పగలంతా చాకిరీ చేసిన మనిషిని రెండు గంటలు మరపులో ముంచి మర్నాడు మళ్ళీ చాకిరీకి పంపిస్తుందనీ అంటాం. ఈ మాటలో నిజం లేకపోలేదు. అయితే మరపు కోసమే అయితే ఒక్కసారి చూస్తే చాలును. విడిపోతారని ముందే తెలిసిన జంటను ఐదోసారి, పదోసారి ఎందుకు చూస్తున్నాం?

తెలిసిన కథను మళ్ళీ చూడడం మనకు కొత్త కాదు. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను ఎన్నిసార్లు చూసినవాడైనా పక్క ఊళ్ళో ఆడుతున్నారంటే బండి కట్టించేవాడు. కానీ అక్కడ నటుడు మారతాడు, రాగం మారుతుంది. సినిమాలో ఏదీ మారదు. మారేది చూసేవాడే. నాకు బాగా తెలిసిన ఒక్క చిత్రాన్ని తీసుకుని ఈ సంగతి పరిశీలిస్తాను.

విలియం వైలర్ దర్శకత్వంలో 'రోమన్ హాలిడే' 1953లో విడుదలయింది. రాచమర్యాదలతో విసిగిన రాకుమారి ఆన్ ఒక రాత్రి కోట దాటి రోమ్ నగర వీధుల్లో పడుతుంది. జో బ్రాడ్లీ అనే అమెరికన్ విలేఖరికి దొరుకుతుంది. ఆమె ఎవరో అతనికి తెలుసు, తెలియనట్టు నటిస్తాడు. ఆ ఒక్కరోజు కథను పత్రికకు అమ్మితే ఐదువేల డాలర్లు. అతనేమో ఇంటి అద్దెకే దిక్కులేని మనిషి. జుట్టు కత్తిరింపు, మెట్లమీద ఐస్‌క్రీము, స్కూటర్ మీద షికారు, నదిమీద పడవలో నాట్యం – అంతే కథ. చివరికి ఆమె తన విధికి వెళ్ళిపోతుంది, అతను కథ అమ్మడు.

ఎం.ఏ. చదివే రోజుల్లో హాస్టల్లో, అద్దెకు తెచ్చిన సి.డి.లో మొదటిసారి చూశాను. అందరిలాగే ఆడ్రీ హెప్‌బర్న్‌ను చూశాను, ఇంకేమీ చూడలేదు. కథారచయిత ఎవరన్న ఆలోచనే రాలేదు. సాహిత్య విద్యార్థినై ఉండి కూడా! పాత ప్రతుల్లో పేర్ల పట్టీమీద కథకుడిగా ఉండేది ఇయాన్ మెక్‌లెలన్ హంటర్ పేరు. 1954లో ఆస్కార్ బహుమతి ప్రకటించిందీ ఆ పేరుకే. ఆ కథ రాసినవాడు డాల్టన్ ట్రంబో.

ట్రంబో 'జానీ గాట్ హిజ్ గన్' అనే యుద్ధ వ్యతిరేక నవల 1939లో వెలువరించిన రచయిత. హాలీవుడ్‌లో అత్యధిక పారితోషికం పుచ్చుకునేవారిలో ఒకడు. కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. 1947 అక్టోబరులో అమెరికన్ ప్రతినిధుల సభకు చెందిన విచారణ సంఘం, మీరు కమ్యూనిస్టులా, ఎప్పుడైనా అయివున్నారా అని అడిగితే, ఆ ప్రశ్న వేసే హక్కు మీకు లేదని నిలిచిన పదిమందిలో అతనొకడు. ఆ నవంబరులో స్టూడియోల యజమానులు కూడబలుక్కుని వారిని వెలివేశారు. ట్రంబో 1950లో కెంటకీ రాష్ట్రంలోని ఆష్‌లాండ్ జైలుకు వెళ్ళి, పది నెలలకు పైగా ఉండి వచ్చాడు. పని లేదు, పేరు చెల్లదు. ఆ వెలి రోజుల్లోనే ఈ కథ రాసి మిత్రుడు హంటర్ పేరుతో అమ్మాడు. వచ్చిన సొమ్మును హంటర్ అతనికే చేర్చాడు. కొద్దికాలానికి హంటర్‌నూ వెలివేశారు.

ఈ సంగతి తెలిశాక మళ్ళీ చూడండి. రాకుమారి తన పేరు దాస్తుంది. విలేఖరి తన వృత్తి దాచి ఎరువుల వ్యాపారమంటాడు. అతని స్నేహితుడు సిగరెట్ లైటర్‌లో కెమెరా దాస్తాడు. తెరమీద ముగ్గురూ ఏదో ఒకటి దాచి తిరుగుతుంటే, తెరవెనుక కథకుడికీ సొంత పేరు లేదు! నోట్లో చేయిపెట్టి అబద్ధమాడితే కొరికేస్తుందనే రాతిముఖం ముందు ఇద్దరు అబద్ధీకులు నిలబడే సన్నివేశం మొదటిసారి నవ్విస్తుంది. గ్రెగరీ పెక్ చేతిని చొక్కా చేతిలోకి లాక్కుని, తెగిపోయినట్టు చూపితే హెప్‌బర్న్ నిజంగానే కెవ్వుమంది. ఇప్పుడు చూస్తే ఆ నవ్వు వెనుక ఇంకొకటి వినిపిస్తుంది.

ఇక కథకు ఆయువుపట్టు – నమ్మిన మనిషి రహస్యాన్ని డబ్బుకు అమ్మాలా వద్దా అన్నది. 1952 ఏప్రిల్‌లో దర్శకుడు ఎలియా కజాన్ ఆ సంఘం ముందు ఎనిమిదిమంది పాత సహచరుల పేర్లు చెప్పాడు. ఆ వేసవిలోనే రోమ్‌లో ఈ చిత్రం తీశారు. కథ అంతకు ముందే రాసింది గనుక కజాన్‌కు జవాబు అనడం తొందరపాటు. పైగా స్క్రీన్‌ప్లేలో జాన్ డైటన్ వంటి ఇతరుల చేయీ ఉంది. వైలర్‌కూ వాటా ఉంది. 1947 విచారణలను నిరసిస్తూ ఏర్పడిన సంఘం స్థాపకుల్లో ఆయనొకడు. అయినా పేర్లు చెప్పినవాడికే పని దొరికిన కాలంలో, చెప్పనందుకు ఏమీ దక్కని నాయకుణ్ణి ప్రేక్షకులు గుండెలకు హత్తుకున్నారు. ఇది చిన్న సంగతి కాదు.

రాకుమారి మళ్ళీ సింహాసనానికే వెళ్ళిందిగదా, ఇది రాచరికానికి పూజ కాదా అని నా మిత్రుడొకరు వాదిస్తారు. సగం ఒప్పుకుంటాను. అయితే ఆమె తిరిగివచ్చాక మొదటి రాత్రి పిల్లలా పాలు తాగించిన పరిచారకులకు ఆజ్ఞలిస్తుంది, పాలు వద్దంటుంది. ఆ మార్పు కోటలో నేర్చుకున్నది కాదు, క్షౌరశాలలోనూ వీధిలోనూ నేర్చుకున్నది.

ఇది ఒక్క చిత్రం సంగతే కాదు. 'కాసాబ్లాంకా' (1942) రచయితల్లో హోవర్డ్ కోచ్‌ను తర్వాత వెలివేశారు. అందులో కన్నీళ్ళతో ఫ్రెంచి జాతీయగీతం పాడిన మాడ్లిన్ లెబో నాజీలనుంచి పారిపోయి వచ్చిన నటి. 'ఫిలడెల్ఫియా స్టోరీ' (1940) స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ పొందిన డొనాల్డ్ ఆగ్డెన్ స్టువర్ట్ వెలిపడి ఇంగ్లండు చేరాడు. మనం కలల కర్మాగారం అని తీసిపారేసినచోట కూలీలెవరో మనమూ అడగలేదు.

ట్రంబో పేరు 1960లో 'ఎక్సోడస్', 'స్పార్టకస్' చిత్రాలతో తెరమీదికి తిరిగి వచ్చింది. 'రోమన్ హాలిడే'కు మాత్రం రాలేదు. అతను 1976లో పోయాడు. బహుమతిని 1993లో అతని భార్య క్లియోకు అందజేశారు. రచయితల సంఘం స్క్రీన్‌ప్లేలోనూ అతని పేరు చేర్చింది 2011లో.

ఈమధ్య చూసిన ప్రతిలో కథకుడిగా ట్రంబో పేరే ఉంది. చివరి సన్నివేశంలో విలేఖరులందరూ వెళ్ళిపోయాక జో ఆ పొడవాటి హాలులో ఒంటరిగా నడుస్తాడు. ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తాడు. అక్కడ ఎవరూ లేరు. పది క్లాసు పరీక్ష పేపర్లు దిద్దడం ఆపి, ఆ నడక వరకూ వెనక్కి జరిపి ఇంకొకసారి చూశాను.