కాలయంత్రం ముందా, కకుద్మి ముందా?

సైన్సు ఫిక్షన్ అభిమానులు నలుగురు ఒకచోట చేరితే వాదన తప్పదు. ఏ సినిమా గొప్పది, ఏ రచయిత గొప్పవాడు అన్నది ఒక ఎత్తు, ఎవరు ముందు అన్నది ఒక ఎత్తు. మన పండుగ విందుల్లోనూ ఇదే తంతు. పిల్లలు 1985లో వచ్చిన 'బ్యాక్ టు ద ఫ్యూచర్' అంటారు. తండ్రులు 1991 నాటి 'ఆదిత్య 369' అంటారు. మూలన కూర్చున్న తాతగారు, "ఇవన్నీ మన పురాణాల్లో ఎప్పుడో ఉన్నాయిరా!" అంటారు. ఏ పురాణంలో తాతా అని అడిగితే మాత్రం తడుముకుంటారు. "ఎవరో ఒక రాజు, కూతురిని వెంటబెట్టుకొని బ్రహ్మ దగ్గరకు వెళ్ళాడు..." కథ అక్కడే ఆగిపోతుంది. పిల్లలు నవ్వుతారు.

తాతగారు కల్పించి చెప్పినది కాదది. భాగవతం నవమస్కంధంలో ఉన్నది. ఆ రాజు కకుద్మి, కూతురు రేవతి. ఆమెకు వరుడెవరో అడుగుదామని బ్రహ్మలోకం వెళ్ళేసరికి అక్కడ గానం జరుగుతున్నది. ముగిసేదాకా క్షణకాలం ఆగాడు. విషయం విన్న బ్రహ్మ నవ్వాడు. ఆ క్షణంలో భూలోకాన 27 చతుర్యుగాలు గడిచిపోయాయి! మన లెక్కన 11 కోట్ల 66 లక్షల 40 వేల ఏళ్ళు. రాజు మనసులో అనుకున్న వరులు, వారి మనుమలు కూడా లేరు.

అయితే పిల్లల నవ్వులోనూ కొంత న్యాయం లేకపోలేదు. కకుద్మికి కాలం తెలియకుండా జారిపోయింది. తన ఇష్టప్రకారం వెనక్కీ ముందుకూ నడుపుకునే యంత్రం అతని దగ్గర లేదు. అది 1895లో హెచ్.జి. వెల్స్ వ్రాసిన 'ది టైమ్ మెషీన్' వల్ల లోకప్రసిద్ధమయింది. వెల్స్ కూడా మొదటివాడు కాడు. స్పెయిన్ రచయిత ఎన్రికే గాస్పర్ నవలలో 1887లోనే అటువంటి యంత్రం ఉన్నది. కనుక "అన్నీ మనవే" అనడం అతిశయోక్తి, "మనకేమీ లేదు" అనడం అజ్ఞానం.

వెల్స్ నవల ప్రేరణతో 'ఆదిత్య 369' తీసినవారు సింగీతం శ్రీనివాసరావుగారు. యంత్రం వెల్స్‌ది, అది చేర్చిన చోటు 1526 నాటి శ్రీకృష్ణదేవరాయల కొలువు. ఈ సింగీతంవారే యౌవనంలో కె.వి. రెడ్డిగారి దగ్గర 'మాయాబజార్' (1957) చిత్రానికి పనిచేశారు. అందులో శశిరేఖ తల్లి, బలరాముని ఇల్లాలు ఎవరో గుర్తున్నదా? ఆ రేవతే! 27 చతుర్యుగాలు దాటివచ్చిన మనిషి అత్తగారి హోదాలో మన ఎదుటే తిరుగుతున్నా, ఆ సినిమా చూసిన మనలో ఎందరం పోల్చుకున్నాం?

నన్ను కదిలించే ఘట్టం ఇంకొకటి. బ్రహ్మ మాట విని కకుద్మి తన ఊరికి తిరిగివచ్చాడు. యక్షుల భయంతో అతనివాళ్ళు ఎప్పుడో ఆ పురం విడిచి దిక్కులకు చెదిరిపోయారు. తాతముత్తాతల గ్రామం వెతుక్కుంటూ వెళ్ళి, వీధి వీధినా ఇంటిపేరు చెప్పి, పోల్చేవారు లేక తిరిగివచ్చినవారు మన కుటుంబాల్లోనూ ఉన్నారు. వారికి ఈ కథ వేరే విప్పి చెప్పనక్కరలేదు.

కకుద్మి కూతురిని బలరామునికిచ్చి, తపస్సుకు బదరికాశ్రమం వెళ్ళిపోయాడు. ఈసారి విందులో తాతగారు తడుముకుంటే, ఆ రాజు పేరు పిల్లలెవరైనా అందించవచ్చు.