మూడవ శృంఖల

జర్మను పండితుడగు పాల్ ఎర్లిక్ 1897లో, విషపదార్థములు కణమును తాకవలెనన్న కణోపరితలమున పార్శ్వశాఖలు కొన్ని యుండి తీరవలెనని యూహించి, కొలది యేండ్లకే వానికి గ్రాహకములని పేరిడెను. పేరు పుట్టినంత సులభముగా వస్తువు చేజిక్కలేదు. రక్షణకణములు తమలో తాము పంపుకొను సందేశములను పట్టు గ్రాహకములు గణనకు లొంగుటకు ఎనుబది సంవత్సరములకు పైగా పట్టెను. లొంగిన పిదపను, ఒక్కటియే యని తలచినది మూడు శృంఖలల కూటమి యని తేలుటకు మఱి పదునొకండేండ్లు గడచెను.

1976లో అమెరికాలోని బెథెస్డాయందు మోర్గన్, రసెట్టి, గాలో అనువారు రక్షణకణములలో ఒక తెగయగు టీ కణములను గాజుపాత్రలో దీర్ఘకాలము పెంచగల సందేశద్రవ్యమొకదానిని కనుగొనిరి. దానికే తరువాత ఇంటర్‌ల్యూకిన్-2 అను పేరు స్థిరపడెను. 1981లో డార్ట్‌మత్ వైద్యవిద్యాలయమున రాబ్, మంక్, స్మిత్ అనువారు ఆ మాంసకృత్తునకు రేడియోధార్మికమైన గుర్తు వెట్టి, కణములతో కలిపి, వాని కంటుకొన్నదెంతయో లెక్కించిరి. మంక్ హార్మోను గ్రాహకములయందు నిష్ణాతుడగుటచే ఆ శాస్త్రపు కొలతలు రక్షణకణముల శాస్త్రమునకు సంక్రమించెను. విశ్రాంతిగొన్న టీ కణములు ఆ మాంసకృత్తును దాదాపు పట్టనే లేదు; ఉత్తేజితములైనవి గట్టిగా పట్టుకొనెను.

అదే యేట బెథెస్డాలో ఉచియామా, బ్రోడర్, వాల్డ్‌మన్ అనువారు ఉత్తేజిత టీ కణములను గుర్తించు ప్రతిరక్షకమొకదానిని చుంచెలుకలనుండి సాధించి, దానిని ‘యాంటీ-టాక్’ అని పిలిచిరి. అది పట్టునది ఇంటర్‌ల్యూకిన్-2 గ్రాహకమేయని మరుసటి యేట తోచగా, ఆ ప్రతిరక్షకమునే గాలముగా వేసి గ్రాహకమును శుద్ధిచేసి, 1984 నాటికి దాని జన్యువును సైతము చేపట్టిరి.

కథ ముగిసినదనుకొనునంతలో లెక్క తప్పెను. యాంటీ-టాక్ చూపిన స్థానములు, ఇంటర్‌ల్యూకిన్ గట్టిగా నంటు స్థానములకంటె మిక్కిలి యధికములు; ఆ జన్యువును పరకణములలో నిలుపగా పుట్టిన గ్రాహకపు పట్టు, టీ కణముల పట్టులో వేయవ వంతు మాత్రమే; పైగా కణములోనికి చొచ్చిన దాని తోకయందున్నవి 13 అమైనో ఆమ్లములే. వెలుపలి వార్తను అందుకొనియు లోపల వినిపింపలేని మూగ దూతకు తోడొకటి యుండవలెనని వెదకగా, 1986లో రెండవదియగు బీటా శృంఖల జాడ చిక్కెను. 1989లో తనిగుచి బృందము దాని జన్యువును వెలికిదీసెను. ఆ బీటాయును కొన్ని కణములపై ఇంటర్‌ల్యూకిన్‌ను పట్టి, కొన్నింటిపై పట్టకపోగా, ఇంకొకటి కలదను శంక బలపడెను. 1992లో జపానులోని సెండాయి నగరమున తకెషిత, సుగమురలు గామా శృంఖలను బయల్పఱచిరి.

ఒంటరిగా నున్నపుడు ఇంటర్‌ల్యూకిన్‌ను పట్టజాలదు గనుకనే అది అంతకాలము మఱుగుపడియుండెను. మరుసటి యేట నొగుచి, లెనార్డు మున్నగువారు ఆ గామాలోని లోపమే మగశిశువులను టీ కణములు లేనివారినిగా పుట్టించు దారుణవ్యాధికి మూలమని చూపిరి. ఇంటర్‌ల్యూకిన్-2 లేని చుంచెలుకలకు టీ కణము లుండగా, ఈ శిశువులకు లేకపోవుటేల? గామా ఆ యొక్క సందేశమునకే గాక, ఇంటర్‌ల్యూకిన్-4, 7 మొదలగు వానికిని ఉమ్మడి యవయవమని ఆ యేడాదియే తేలెను. ప్రయోగశాల మూడవదిగా లెక్కించినదానిని వ్యాధి మొదటినుండియు మొదటిదిగానే లెక్కించుచుండెను.