మూత్ర నిగ్రహ లోపం (ఆడకుక్కలు)

సంతాన నిరోధక శస్త్రచికిత్స జరిగిన కొన్ని ఆడకుక్కలలో, వాటికి తెలియకుండానే మూత్రం కారిపోవడాన్ని మూత్ర నిగ్రహ లోపం అంటారు. శస్త్రచికిత్స జరిగిన ఆడకుక్కలలో సుమారు 5 నుండి 20 శాతం వరకు దీనికి లోనవుతాయని వివిధ అధ్యయనాల అంచనా. మగకుక్కలలో ఇది అరుదు. ఇది దురలవాటు గాని, అవిధేయత గాని కాదు. కాబట్టి కుక్కను దండించడం వలన ఫలితం ఉండదు. సరియైన చికిత్సతో చాలా కుక్కలలో ఇది అదుపులోకి వస్తుంది.

లక్షణాలు

కుక్క పడుకొని ఉన్నపుడు, ముఖ్యంగా గాఢనిద్రలో, మూత్రం కారుతుంది. అది లేచిన చోట తడి మరక కనిపిస్తుంది. మెలకువగా ఉన్నపుడు మాత్రం మామూలుగానే మూత్ర విసర్జన చేస్తుంది. తోక క్రింది వెంట్రుకలు తడిసి దుర్వాసన రావడం, చర్మం ఎర్రబడడం, ఆ భాగాన్ని తరచుగా నాకుకోవడం ఇతర లక్షణాలు. శస్త్రచికిత్స జరిగిన కొద్ది వారాలకే ఇది మొదలు కావచ్చు, లేదా ఎన్నో సంవత్సరాల తరువాత కనిపించవచ్చు. అందువలన యజమానులు ఈ రెండింటికీ గల సంబంధాన్ని వెంటనే గుర్తించలేరు.

కారణాలు

మూత్రాశయం నుండి మూత్రాన్ని వెలుపలికి తీసుకొనిపోయే మార్గాన్ని ప్రసేకం అంటారు. దాని చుట్టూ ఉండే సంవరణి కండరాలు బిగుసుకొని ఉండడం వలన మూత్రం నిలిచి ఉంటుంది. అండాశయాల నుండి వచ్చే ఈస్ట్రోజెన్ హార్మోను ఈ కండరాల బిగువుకు తోడ్పడుతుంది. అండాశయాలను తొలగించిన తరువాత ఈస్ట్రోజెన్ తగ్గి, ప్రసేకాన్ని మూసి ఉంచే పీడనం క్రమంగా తగ్గుతుంది. గర్భాశయాన్ని కూడా తొలగించినా, అండాశయాలను మాత్రమే తొలగించినా ఈ ముప్పులో చెప్పుకోదగిన తేడా కనబడలేదు.

20 కిలోల కంటే అధిక బరువు గల కుక్కలలో ఇది ఎక్కువ. డాబర్‌మాన్, బాక్సర్, రాట్‌వైలర్, ఓల్డ్ ఇంగ్లీష్ షీప్‌డాగ్ జాతులలో తరచుగా కనిపిస్తుంది. స్థూలకాయం దీనిని మరింత పెంచుతుంది. పెద్ద జాతి కుక్కలకు మరీ చిన్న వయసులో శస్త్రచికిత్స చేయకపోవడం మేలని పలువురు పశువైద్యుల అభిప్రాయం.

వ్యాధి నిర్ధారణ

మూత్రం కారే ప్రతి కుక్కకూ ఇదే కారణమని భావించరాదు. మూత్రాశయంలో సూక్ష్మజీవుల సంక్రమణ, రాళ్ళు, మధుమేహం, మూత్రపిండాల వ్యాధులు, వెన్నుపాము దెబ్బతినడం, స్టీరాయిడ్ మందుల వాడకం వలన కూడా ఇటువంటి లక్షణాలు కలుగుతాయి. కూనగా ఉన్నప్పటి నుండే మూత్రం కారుతూ ఉంటే పుట్టుకతో వచ్చిన మూత్రనాళ లోపాన్ని అనుమానించాలి. మూత్ర పరీక్ష, రక్త పరీక్ష, అవసరమైతే అల్ట్రాసౌండ్ చేసి ఇతర కారణాలు లేవని తేల్చుకొన్న పిదప చికిత్స ప్రారంభిస్తారు.

చికిత్స

ఫినైల్‌ప్రొపనోలమైన్: ఇది సంవరణి కండరాలను బిగువుగా ఉంచుతుంది. ఎక్కువ కుక్కలలో మంచి ఫలితాన్నిస్తుంది. రక్తపోటు పెరగడం, అశాంతి, ఆకలి మందగించడం దీని దుష్ఫలితాలు. గుండె జబ్బులు, అధిక రక్తపోటు గల కుక్కలకు దీనిని ఎంతో జాగ్రత్తగా వాడాలి.

ఎస్ట్రియోల్: ఇది ఈస్ట్రోజెన్ వర్గానికి చెందినది. అమెరికాలో ఈ లోపానికి 2011లో ఆమోదం పొందింది. గుణం కనిపించిన తరువాత మోతాదును క్రమంగా తగ్గిస్తారు. జననాంగం వాచడం, మగకుక్కలు ఆకర్షితం కావడం జరగవచ్చు.

శస్త్రచికిత్స: మందులు పనిచేయనపుడు ప్రసేకం గోడలోనికి కొల్లాజెన్ ఎక్కించడం, మూత్రాశయపు మెడను ముందుకు జరిపి కుట్టడం, ప్రసేకం చుట్టూ కృత్రిమ పట్టీని అమర్చడం వంటి పద్ధతులున్నాయి.

చాలా కుక్కలకు మందులు జీవితాంతం అవసరమవుతాయి. మానవులకు ఉద్దేశించిన మందులను పశువైద్యుని సలహా లేకుండా వాడరాదు.

జాగ్రత్తలు

మూత్రం కారుతున్నదని కుక్కకు త్రాగునీరు తగ్గించరాదు. పడక పొడిగా ఉంచడం, తడిసిన భాగాన్ని కడిగి తుడవడం, పడుకొనే ముందు బయటకు తీసుకొనివెళ్ళడం, బరువును అదుపులో ఉంచడం అవసరం.

ఈ లోపానికి భయపడి శస్త్రచికిత్సను పూర్తిగా మానుకోనవసరం లేదు. ప్రాణాపాయం కలిగించగల గర్భాశయపు చీము వ్యాధి నుండి అది రక్షణ కల్పిస్తుంది. భారతదేశంలో 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల క్రింద వీధికుక్కలకు ఈ శస్త్రచికిత్స చేస్తున్నారు. అటువంటి ఆడకుక్కను పెంపకానికి తెచ్చుకొన్నవారు ఈ లక్షణాలను తెలిసి ఉండడం మంచిది. ఇల్లు పాడుచేస్తున్నదని విడిచిపెట్టబడే కుక్కలలో కొన్నింటికి కావలసినది చికిత్స మాత్రమే.