ప్రియాంక సింగ్
తెలుగు టెలివిజన్ హాస్యనటి, ట్రాన్స్ మహిళ. 2013లో ఈటీవీలో మొదలైన ‘జబర్దస్త్’లో సాయితేజ పేరుతో ఆడవేషాలు కట్టి గుర్తింపు పొందారు. నటులు నాగబాబు, రోజా న్యాయనిర్ణేతలుగా కూర్చున్న ఆ వేదికపై మగవాడు చీర కడితే చాలు, నవ్వు పుట్టేది. అందులో ఎగతాళి పాలు తక్కువేమీ కాదు. సరిగ్గా ఆ ఏడాదే ఆస్ట్రేలియా హాస్యనటుడు జోష్ థామస్, స్వలింగ ప్రేమికుడిగా తన అనుభవాలనే ‘ప్లీజ్ లైక్ మీ’ (2013–2016) ధారావాహికగా రాసుకుని నటించారు. ప్రియాంక సొంత కథ మాత్రం రియాలిటీ షో ద్వారా తెరకెక్కింది. 2021లో నాగార్జున నడిపిన ‘బిగ్ బాస్’ 5వ సీజన్‌లో, తన లింగ మార్పు సంగతి తండ్రికి తెలియదని చెప్పుకున్నారు. ఆయన అంగీకారం వీడియో సందేశంగా అక్కడికే వచ్చింది. 13వ వారంలో ఆమె నిష్క్రమించారు.