వాల్వు వెలిగితే సరిపోదు

వాల్వు చరిత్ర పుస్తకాల్లో రెండు పేర్లతో మొదలవుతుంది. 1904లో ఫ్లెమింగ్ గాజుబుడ్డిలో రెండు ఎలక్ట్రోడ్లు పెట్టాడు. 1906లో లీ డి ఫారెస్ట్ వాటి మధ్య మూడోది చేర్చాడు. అదే గ్రిడ్. దానిమీద పడ్డ చిన్న కదలిక పెద్దదై బయటికొస్తుంది. ఆంప్లిఫయరు పుట్టింది అక్కడే.

మనవైపు కథ వేరు. 1938లో మద్రాసు, 1948లో విజయవాడ రేడియో కేంద్రాలొచ్చాయి. హైదరాబాదులో నిజాం కాలంనాటి దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. ఇళ్ళల్లోకి వాల్వు రేడియోలు, పెళ్ళిపందిళ్ళలోకి మైకుసెట్లు చేరాయి. బెంగుళూరులో బి.ఇ.ఎల్. వాల్వుల తయారీ మొదలుపెట్టింది 1961లో. అందాకా ఎక్కువగా విదేశీ సరుకే. మరి అవి పాడైతే? బజారువీధిలో చిన్న కొట్టు పెట్టుకున్న రేడియో మెకానిక్కే దిక్కు. ఖరీదైన వాల్వును ఊరికే మార్చడం కుదరదు గనక, ముందు జబ్బేదో తేల్చుకోవాల్సిందే.

ఆ తేల్చుకోవడం ఎలాగో అల్ ఖోబర్‌లో ఒక మిత్రుడి పాత ఆంప్లిఫయరు విప్పినప్పుడు నాకు బోధపడింది. స్పీకరులో ఒకటే గుయ్యిమన్న మోత. సౌదీ కరెంటు 60 సైకిళ్ళు గనక ఆ మోత 120; మనదేశంలో 50కి 100. లెక్క సరిపోయిందంటే ఫిల్టరు కండెన్సరు ఎండిపోయిందన్నమాట. ఇక చివరి వాల్వులో ప్లేటు ఎర్రగా కాలుతోందంటే తప్పు సాధారణంగా వాల్వుది కాదు. దాని ముందున్న కప్లింగ్ కండెన్సరు లీకై, రాకూడని డీసీ వోల్టేజి గ్రిడ్‌కి చేరుతోంది. అది మార్చకుండా కొత్త వాల్వు పెడితే అదీ కాలిపోతుంది. అన్నట్టు, స్విచ్చి కట్టేసినా కండెన్సర్లలో 300 వోల్టులదాకా మిగిలి ఉండొచ్చు. డిశ్చార్జి చెయ్యనిదే చెయ్యి పెట్టకూడదు.

సాఫ్టువేరులో మేం డీబగ్గింగ్ అనే పని ఇదే. కనబడే చోటు వేరు, తప్పు పుట్టే చోటు వేరు. మేం కాలేజీలో నేర్చుకున్నది ఆ కొట్లలో చెవితో, మీటరుతో నేర్చుకున్నారు.

మన రేడియో చరిత్రలో పాడినవాళ్ళున్నారు, వార్తలు చదివినవాళ్ళున్నారు. ఆ గొంతులు ఇంటింటా వినబడేలా చూసిన మెకానిక్కులు మాత్రం అంతగా కనబడరు. ఆనాటి కుర్ర మెకానిక్కులకి ఇప్పుడు ఎనభై దాటి ఉంటాయి. మీ ఊళ్ళో ఒకరుంటే ఈసారి సెలవుల్లో వెళ్ళి కూర్చోండి. ఏ మోతకి ఏ జబ్బో అడిగి, రాసి పెట్టుకోండి.