కాంతితో వ్రాసిన వ్రాత: సీడీలు చెడిన కథ



మన పూర్వులు తాటియాకుపై గంటముతో వ్రాసెడివారు. గీచిన గీతలో మసి నింపి తుడిచిన పిదపగాని అక్షరము స్ఫుటముగా కనబడెడిది కాదు. తప్పొప్పులు తెలియుటయు అప్పుడే. ఈనాడు నేను విన్నవింపదలచినది అట్టిదే యగు వేఱొక వ్రాతను గూర్చి. ఇందు గంటము లేసరు కాంతి; ఆకు సీడీ. గడచిన ఇరువది, ముప్పది సంవత్సరములలో జనులు తమ యిండ్లలో కంప్యూటరు సాయమున ఈ వ్రాత వ్రాసిరి. అందు చెడిన వ్రాతలును తక్కువ కావు. అవి యేల చెడినవో తెలిసికొనుట నేటికిని ప్రయోజనకరమే. ఏలయన, అట్టి సీడీలు మన పెట్టెలలో ఇంకను ఉన్నవి.

హాలండు దేశపు ఫిలిప్సు సంస్థయు, జపాను దేశపు సోనీ సంస్థయు కలిసి 1980లో సీడీకి నియమములు ఏర్పఱచినవి. 1982 అక్టోబరులో అది జపానునందు అమ్మకమునకు వచ్చెను. దాని అడ్డుకొలత 12 సెంటీమీటర్లు, మందము 1.2 మిల్లీమీటర్లు. దానిపై వ్రాత లోపలినుండి వెలుపలికి చుట్టుకొనుచు పోవు ఒకే గీత. అయితే ఆ తొలి సీడీలు కార్ఖానాలో అచ్చు గ్రుద్దినవి. అవి వినుటకే గాని వ్రాసికొనుటకు పనికిరావు.

వ్రాసికొనదగిన సీడీని 1988లో జపానునందలి తైయో యూదెన్ సంస్థవారు సిద్ధపఱచిరి. ప్లాస్టికు బిళ్లపై పలుచని రంగుపూత, దానిపై బంగారు తళుకు, ఆపైన లక్కవంటి కాపుపూత: ఇదియే దాని నిర్మాణము. తీవ్రమైన లేసరు కాంతి సోకినచోట రంగు కమిలి మెఱుపు తగ్గును; సోకనిచోట మెఱుపు నిలుచును. చదువునపుడు మందమైన కాంతి ఈ భేదమును కనిపెట్టును. కమిలిన రంగు మరల మునుపటి స్థితికి రాదు. అందుచే ఈ వ్రాతకు "బర్న్ చేయుట", అనగా కాల్చుట, అను పేరు సార్థకమైనది. మొదటి యంత్రముల వెల సామాన్యులకు అందునది కాదు. 1995లో హ్యూలెట్ ప్యాకార్డు సంస్థవారు వేయి డాలర్లకు లోపుగా ఒక యంత్రమును అమ్మిన పిదప ఈ విద్య ఇండ్లలోనికి ప్రవేశించెను. దానితోడనే చిక్కులును ప్రవేశించినవి.

మొదటి చిక్కు ధార తెగుట. మోట తోలిన నీరు తొట్టిలో పడి కాలువకు పాఱుట మీరెఱుగుదురు. ఎద్దులు ఆలస్యము చేసినను, తొట్టిలో నీరున్నంతవఱకు కాలువ ఎండదు. సీడీ యంత్రములో సైతము కంప్యూటరు పంపు సమాచారము నిలుచుటకు చిన్న తొట్టివంటి స్థానము కలదు. వేగమును పెంపనిచో సెకనుకు 150 కిలోబైట్లు కావలెను. నాలుగింతల వేగమున వ్రాయునపుడు 600 కావలెను. ఆ నడుమ కంప్యూటరు వేఱొక పనికి మరలి తొట్టి ఎండెనేని, లేసరు ఆగిపోవును. ఆగినచోటినుండి మరల వ్రాయుట తొలి యంత్రములకు చేతకాదు. సీడీ వ్యర్థమగును. కావున తెలిసినవారు ఇతర పనులన్నియు ఆపి, వేగము తగ్గించి, వ్రాయదలచిన దానినంతయు ముందుగా ఒకచోట కూర్చుకొని వ్రాసెడివారు. 2000లో సాన్యో సంస్థవారు ఆగినచోటును గుర్తుంచుకొని మరల అందుకొను ఉపాయమును ప్రవేశపెట్టిరి. తరువాతి యంత్రములలో ఈ చిక్కు చాలవఱకు తీఱెను.

రెండవ చిక్కు రంగునకును కాంతికిని పొసగకపోవుట. సయనిన్, థాలోసయనిన్, ఆజో అని రంగులు మూడు తెగలు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క మోతాదు కాంతి కావలెను. అందుకై యంత్రము వ్రాతకు ముందు సీడీ లోపలి అంచున కొంత వ్రాసి పరీక్షించుకొనును. పరీక్ష కుదరనిచో వ్రాయ నిరాకరించును. అప్పుడు యంత్రము చెడినదని త్వరపడి తీర్మానింపరాదు. వేఱొక తయారీ సీడీని పెట్టి చూడవలెను. వేగము మార్చి చూడవలెను. కటకముపై దుమ్ము చేరినదేమో విచారింపవలెను. ఒక్కొక్కమాఱు ఒక్కటి మాత్రమే మార్చినచో దోషమెచ్చటనున్నదో బయటపడును. అన్నియు ఒకేసారి మార్చినవానికి కారణము తెలియదు.

మూడవ చిక్కు ముగింపు చేయకుండుట. వ్రాత ముగిసిన పిదప విషయసూచిక వ్రాసి సీడీని మూయవలెను. మూయనిచో వ్రాసిన యంత్రము చదువును గాని, పొరుగింటి యంత్రము చదువకపోవచ్చును. ఇది చెడిపోయిన సీడీ కాదు. ముగింపు లేని సీడీ. వ్రాసిన యంత్రమే దొరకినచో దానిని నేటికిని మూయవచ్చును. పిమ్మట 1997లో డీవీడీ-ఆర్, 2002లో డీవీడీ ప్లస్ ఆర్ అను రెండు తెగలు వచ్చుటచే, ఒకదానికి తగిన యంత్రము మఱియొకదానిని అంగీకరింపని కాలము కొంత గడచెను.

ఇక నిలువను గూర్చి. గీతలు పడినను సీడీ పలుకుటకు కారణమొకటి కలదు. 1960లో రీడ్, సాలొమన్ అను ఇరువురు గణితజ్ఞులు వెలువరించిన లెక్కనుబట్టి, పోయిన ముక్కను ఉన్న ముక్కలనుండి యంత్రము పూరించుకొనును. అయితే పోయినది గీతవెంట రెండున్నర మిల్లీమీటర్లు మించరాదు. అందుచే సీడీని గుండ్రముగా తుడువరాదు. నడుమనుండి అంచునకు మెత్తని బట్టతో తుడువవలెను. తళుకుపూత పేరు వ్రాయు పైవైపుననే ఉన్నది గనుక, ఆ వైపు గీచుకొనుట మఱింత ప్రమాదము. ఎండ రంగును హరించును.

నేనెఱిగిన యొక యింట, పెద్దాయన చెప్పిన హరికథను సీడీపై వ్రాయించి, పైన కాగితపు చీటీ అంటించి దాచిరి. ఆయన గతించిన పిదప తీసి చూడగా చీటీ ముడుతలుపడి, దానితోపాటు తళుకు కొంత లేచిపోయినది. క్రొత్త యంత్రము దానిని గుర్తింపలేదు. పాత యంత్రమొకటి తెచ్చి నెమ్మదిగా చదివింపగా, పదునాలుగు భాగములలో పదునొకండు దక్కినవి. మిగిలిన మూడింటిలో మంగళము పాడిన భాగమొకటి. ఆ కంఠము మరల వినరాదు.

తైయో యూదెన్ సంస్థ 2015లో ఈ తయారీని విరమించెను. మన దేశమున సీడీలను విస్తారముగా తయారుచేసిన మోజర్ బేర్ సంస్థను మూసివేయుటకు 2018లో ఉత్తర్వు వెలువడెను. నేటి కంప్యూటర్లలో పెక్కింటికి సీడీ పెట్టు అరయే లేదు. వెలుపల తగిలించు యంత్రమును వేఱుగా కొనవలెను. తాళపత్రములు శిథిలమగుటకు ముందే క్రొత్త ఆకులపైకి ఎక్కించిన వ్రాయసగాండ్రవలననే మనకు గ్రంథములు దక్కినవి. కావున పెద్దలు తమ యిండ్లలోని సీడీలను వెలికి తీయించి, చదువుకొన్న పిల్లలచేత ఒక్కొక్కదానిని పరీక్షింపజేసి, దక్కినదానిని రెండు వేర్వేఱు చోట్ల ప్రతులు ఎక్కింపవలెనని నా మనవి. రానున్న పండుగకు పిల్లలు ఇల్లు చేరినపుడు ఈ పని మొదలిడుట మేలు.